క్యాటర్‌పిల్లర్ డి2

క్యాటర్‌పిల్లర్ డి2 అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన క్యాటర్‌పిల్లర్ ట్రాక్టర్ కంపెనీ 1938 నుండి 1957 వరకు తయారుచేసిన డీజిల్ గొలుసు ట్రాక్టరు. ఆ కాలంలో ఈ సంస్థ తయారుచేసిన డీజిల్ గొలుసు ట్రాక్టర్లలో ఇదే అతి చిన్నది. పొలాలు, పండ్లతోటలు, రహదారి పనులు, కలప అడవులలో దీనిని విరివిగా వాడారు. ఉత్పత్తి ఆగిపోయి అనేక దశాబ్దాలు గడిచినా ఇవి నేటికీ పనిచేసే స్థితిలో కనిపిస్తాయి. పాత యంత్రాలను సేకరించి బాగుచేసేవారిలో డి2కు ప్రత్యేక ఆదరణ ఉంది. ఈ వ్యాసం డి2 చరిత్ర, నిర్మాణాలతో పాటు, పాత ట్రాక్టరును గుర్తించే పద్ధతిని, మరమ్మతు క్రమాన్ని, దానికి చేసే మార్పులను వివరిస్తుంది.

2020ల ఆరంభంలో క్యాటర్‌పిల్లర్ సంస్థ తన చిన్న బుల్డోజర్లకు కొత్త పేర్లు పెడుతూ డి2 అనే పేరును మళ్ళీ వాడింది. ఆ యంత్రానికీ ఈ వ్యాసంలోని ట్రాక్టరుకూ పేరు తప్ప మరే పోలికా లేదు.

చరిత్ర

కాలిఫోర్నియాలోని స్టాక్టన్ పరిసరాలలో నదీముఖ భూములు చాలా మెత్తనివి. ఆవిరి ట్రాక్టర్ల చక్రాలు ఆ నేలలో దిగబడేవి. చక్రాలను ఎంత వెడల్పు చేసినా ఫలితం లేకపోవటంతో, స్టాక్టన్‌కు చెందిన బెంజమిన్ హోల్ట్ 1904 నవంబరులో చక్రాలను తీసివేసి, పలకలు బిగించిన గొలుసుల మీద నడిచే ఆవిరి ట్రాక్టరును పరీక్షించాడు. నేలపై అది పాకుతున్న తీరును బట్టి దానికి క్యాటర్‌పిల్లర్, అనగా గొంగళిపురుగు, అన్న పేరు వచ్చింది.

హోల్ట్ కంపెనీ, దాని పోటీదారు అయిన సి.ఎల్.బెస్ట్ ట్రాక్టర్ కంపెనీ 1925లో విలీనమై క్యాటర్‌పిల్లర్ ట్రాక్టర్ కంపెనీగా ఏర్పడ్డాయి. ఈ సంస్థ తన మొదటి డీజిల్ ట్రాక్టరు అయిన డీజిల్ సిక్స్టీని 1931లో విడుదల చేసింది. అదే సంవత్సరం డిసెంబరులో, అంతవరకు బూడిదరంగులో వస్తున్న యంత్రాలకు హైవే ఎల్లో అనే పసుపురంగు వేయటం మొదలైంది. డీజిల్ ఇంధనం చౌక కావటంతో పెద్ద ట్రాక్టర్లకు గిరాకీ పెరిగింది. చిన్న రైతులకు కూడా డీజిల్ ట్రాక్టరును అందించే ఉద్దేశంతో 1938లో డి2 వచ్చింది. దీనితో పాటు అదే పరిమాణంలో పెట్రోలు ఇంజనుతో ఆర్2 అనే ట్రాక్టరును 1942 వరకు తయారుచేశారు.

1947లో డి2కు పెద్ద ఇంజను అమర్చి కొత్త శ్రేణిని ప్రవేశపెట్టారు. 1957లో ఉత్పత్తి నిలిపివేశారు. ఆ తరువాత ఈ తరగతికి చేరువైన డి3 ట్రాక్టరు 1972లో గాని రాలేదు.

నిర్మాణం, పనిచేసే విధానం

గొలుసు

డి2కు రెండు వైపులా ఒక్కొక్క గొలుసు ఉంటుంది. లంకెలను పిన్నులు, బుష్‌లతో కలిపి, వాటి మీద ఉక్కు పలకలను బోల్టులతో బిగిస్తారు. వెనుకనున్న పళ్ళచక్రం గొలుసును తిప్పుతుంది. ముందు ఐడ్లరు అనే పళ్ళులేని చక్రం ఉంటుంది. ఈ రెండింటి నడుమ ఉన్న కింది రోలర్ల ద్వారా ట్రాక్టరు బరువు గొలుసు మీద పడుతుంది.

3 టన్నులకు పైబడిన బరువు పొడవైన పలకల వరుస మీద పరచుకోవటం వలన నేల మీద ఒత్తిడి తక్కువగా ఉంటుంది. తెలుగునాట వరికోతల కాలంలో వాన కురిసి మడి బురద అయినపుడు టైరు మిషను దిగబడే చోట చైను మిషను నడవటానికి కారణం కూడా ఇదే.

ఇంజను, ప్రసారం

డి2లో నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను ఉంటుంది. ప్రతి సిలిండరుకు విడిగా ఒక ఇంధన పంపు, ఒక పూర్వదహన గది ఉంటాయి. ఇంజను శక్తి చేతిమీటతో పనిచేసే ప్రధాన క్లచ్ ద్వారా గేర్‌బాక్సుకు చేరుతుంది. ముందుకు ఐదు గేర్లు, వెనుకకు ఒక గేరు ఉన్నాయి. గరిష్ఠ వేగం గంటకు దాదాపు 8 కిలోమీటర్లు మాత్రమే.

మలుపు తిప్పటానికి స్టీరింగు చక్రం ఉండదు. గేర్‌బాక్సు వెనుక ఇరుప్రక్కలా పలు బిళ్ళలతో కూడిన పొడి క్లచ్‌లు ఉంటాయి. వీటిని స్టీరింగు క్లచ్‌లు అంటారు. ఎడమ మీటను లాగినపుడు ఎడమ గొలుసుకు శక్తి ఆగిపోతుంది. కాలితో ఎడమ బ్రేకు తొక్కితే ఆ గొలుసు నిలిచి, ట్రాక్టరు ఎడమవైపు తిరుగుతుంది.

పోనీ మోటారు

డి2కు రెండు ఇంజన్లు ఉన్నాయని చెప్పవచ్చు. చలిలో డీజిల్ ఇంజనును తిప్పి మండించటం ఆనాటి బ్యాటరీలకు కష్టసాధ్యం. అందువలన ప్రధాన ఇంజను ప్రక్కన రెండు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజనును అమర్చారు. దీనినే పోనీ మోటారు అంటారు. మాగ్నెటో ఉండటం వలన దీనికి బ్యాటరీ అవసరం లేదు. దీనికి విడిగా క్లచ్, పినియన్ ఉంటాయి. రెండు ఇంజన్లకు చల్లబరిచే నీరు ఒక్కటే. పోనీ మోటారు పొగ వెళ్ళే గొట్టం డీజిల్ ఇంజను గాలి పీల్చే మార్గం గుండా పోతుంది. కాబట్టి పోనీ మోటారు నడిచినంతసేపూ డీజిల్ ఇంజను లోపలి నీరు, పీల్చే గాలి వేడెక్కుతాయి. మండటానికి ముందే బేరింగులకు నూనె కూడా అందుతుంది.

గుర్తింపు

పాత డి2ను కొన్నవారు, బాగుచేయదలచినవారు మొదట చేయవలసిన పని దాని క్రమసంఖ్యను కనుగొనటం. 19 సంవత్సరాల ఉత్పత్తికాలంలో భాగాలు పలుమార్లు మారాయి. బయటికి ఒకేలా కనిపించే రెండు ట్రాక్టర్లకు పిస్టన్లు, రింగులు, ప్యాకింగులు వేరువేరుగా ఉండవచ్చు. భాగాల పుస్తకం, మరమ్మతు పుస్తకం కూడా క్రమసంఖ్యను బట్టే ఎంచుకోవాలి.

క్రమసంఖ్య ముందుభాగం

సంఖ్యకు ముందున్న అంకె, అక్షరం కలిసి శ్రేణిని తెలియజేస్తాయి. గొలుసుల నడుమ దూరాన్ని ఒక గొలుసు మధ్యభాగం నుండి రెండవ గొలుసు మధ్యభాగం వరకు కొలుస్తారు.

- 3జె: 1938 - 1947, గొలుసుల దూరం 40 అంగుళాలు (1016 మి.మీ.)
- 5జె: 1938 - 1947, గొలుసుల దూరం 50 అంగుళాలు (1270 మి.మీ.)
- 4యు: 1947 - 1957, గొలుసుల దూరం 40 అంగుళాలు
- 5యు: 1947 - 1957, గొలుసుల దూరం 50 అంగుళాలు

4జె, 6జె అని ఉన్నచో అది డి2 కాదు, పెట్రోలు ఇంజను గల ఆర్2. సంఖ్య చివర ఎస్‌పి అనే అక్షరాలు ఉన్నచో ఆ ట్రాక్టరు కర్మాగారం నుండి ప్రత్యేక అమరికలతో వెలువడినదని అర్థం.

రెండు సంఖ్యలు

క్రమసంఖ్య ట్రాక్టరు మీద ఒకచోట, ఇంజను దిమ్మె మీద మరొకచోట ఉంటుంది. కర్మాగారం నుండి వెలువడినపుడు ఈ రెండూ ఒకటే. అవి వేరుగా ఉన్నచో మధ్యలో ఎప్పుడో ఇంజను మార్చారని గ్రహించాలి. ఇది పెద్ద లోపమేమీ కాదు. అయితే ఇంజను భాగాలను ఇంజను సంఖ్యను బట్టి, గొలుసు, గేర్ల భాగాలను ట్రాక్టరు సంఖ్యను బట్టి తెప్పించుకోవాలి. ఈ సంగతి గమనించకపోతే, విప్పి ఉంచిన ఇంజనుకు సరిపోని రింగులతో నెలల తరబడి వేచి ఉండవలసి వస్తుంది.

అంకెలు రంగుపొరలు, గ్రీజు మడ్డి కింద మరుగున పడి ఉంటాయి. వాటిని కిరసనాయిలు, మెత్తని తీగబ్రష్‌తో శుభ్రం చేయాలి. గ్రైండరు వాడరాదు. ఒకసారి అరిగిపోయిన అంకెలను తిరిగి తెలుసుకోవటం దాదాపు అసాధ్యం.

ఇంజను తేడాలు

జె శ్రేణిలోని డి3400 ఇంజను సిలిండరు వ్యాసం 3.75 అంగుళాలు, పిస్టన్ ప్రయాణం 5 అంగుళాలు. మొత్తం ఘనపరిమాణం 221 ఘనపు అంగుళాలు (సుమారు 3.6 లీటర్లు). ఇది నిమిషానికి 1525 చుట్లు తిరుగుతుంది. యు శ్రేణిలోని డి311 ఇంజను వ్యాసం 4 అంగుళాలు, ప్రయాణం 5 అంగుళాలు. ఘనపరిమాణం 251 ఘనపు అంగుళాలు (సుమారు 4.1 లీటర్లు). ఇది నిమిషానికి 1650 చుట్లు తిరుగుతుంది. జె శ్రేణి లాగుడు శక్తి సుమారు 25 అశ్వశక్తి కాగా, యు శ్రేణిది 30 అశ్వశక్తికి పైగా ఉంటుంది.

పోలికగల ఇతర ట్రాక్టర్లు

రేకులు ఊడిపోయి, పసుపురంగు పూసిన ప్రతి చిన్న గొలుసు ట్రాక్టరునూ క్యాటర్‌పిల్లర్ అని అమ్మటం కద్దు. ఈ క్రింది అంశాలు గుర్తింపుకు తోడ్పడతాయి.

- ఇంటర్నేషనల్ హార్వెస్టర్ టిడి-6: దీనికి పోనీ మోటారు ఉండదు. అదే ఇంజను మొదట పెట్రోలుతో మొదలై, తరువాత డీజిల్‌కు మారుతుంది.
- క్లెట్రాక్, 1944 తరువాత ఆలివర్: వీటిలో స్టీరింగు క్లచ్‌లకు బదులు నియంత్రిత డిఫరెన్షియల్ ఉంటుంది. మలుపులో కూడా రెండు గొలుసులకూ శక్తి అందుతుంది.
- అల్లిస్-చామర్స్ హెచ్‌డి-5: దీనిలో జనరల్ మోటార్స్ వారి రెండు సిలిండర్ల, రెండు స్ట్రోకుల డీజిల్ ఇంజను ఉంటుంది. అసలు రంగు నారింజ.

మరమ్మతు

చాలాకాలం కదలకుండా నిలిచిన ట్రాక్టరును తీసుకురాగానే మొదలుపెట్టి చూడాలనే కోరిక సహజం. దశాబ్దాలు చెక్కుచెదరని ఇంజను ఆ తొందరపాటు వలన కొద్ది నిమిషాలలోనే పాడుకావచ్చు. కాబట్టి ఈ క్రింది క్రమాన్ని పాటించటం మంచిది.

నూనెలు, నీరు

ఇంజను చాంబరు, గేర్‌బాక్సు, చివరి గేర్ల పెట్టెలు, పోనీ మోటారు చాంబరు - వీటన్నింటి అడుగు బిరడాలను ఒక్కొక్కటిగా కొద్దిగా వదులు చేయాలి. నూనె కంటే నీరు బరువైనది కాబట్టి లోపల నీరు చేరి ఉంటే మొదట అదే బయటికి వస్తుంది. పొగగొట్టానికి మూత లేకుండా వదిలేసిన ట్రాక్టర్లలో వాననీరు గొట్టం గుండా సిలిండర్లలోకి దిగుతుంది. మంచు కురిసే ప్రదేశాలలో నిలిచిన ట్రాక్టరు అయితే ఇంజను దిమ్మెను, పోనీ మోటారు నీటిగదులను బీటల కోసం పరీక్షించాలి. లోపలి నీరు గడ్డకట్టి వ్యాకోచించినపుడు పోత ఇనుము పగులుతుంది.

బిగుసుకున్న ఇంజను

ఇంజను తిరగకపోతే సిలిండర్లలో తుప్పు వదిలించే నూనె పోసి కొన్ని రోజులు నానబెట్టాలి. తరువాత ఫ్లైవీలును గునపంతో ముందుకూ వెనుకకూ కొద్దికొద్దిగా కదపాలి. పోనీ మోటారు బలంతో విడిపించే ప్రయత్నం చేయరాదు. కవాటాలు గైడ్లలో బిగుసుకుని ఉంటే, ఇంజను తిరిగిన వెంటనే తోపుడుకడ్డీలు వంగిపోతాయి. కాబట్టి పైమూత తీసి ప్రతి కవాటమూ స్వేచ్ఛగా కదులుతున్నదో లేదో ముందే చూడాలి. సిలిండరు హెడ్డును విప్పినపుడు కవాటాల నడుమ, పూర్వదహన గది చుట్టూ బీటలున్నాయేమో పరీక్షించాలి.

ఇంధన పంపులు

ఇది అన్నింటికంటే ముఖ్యమైన దశ. నాలుగు ఇంధన పంపులనూ ఒకే పళ్ళకడ్డీ నియంత్రిస్తుంది. పాతబడిన డీజిల్ జిగురుగా మారి ఈ కడ్డీనిగాని, పంపుల లోపలి కండెలనుగాని పట్టివేస్తుంది. కడ్డీ పూర్తి ఇంధన స్థానంలో బిగుసుకుని ఉండగా ఇంజను మొదలైతే గవర్నరు దానిని అదుపు చేయలేదు. వేగం క్షణక్షణానికి పెరిగి ఇంజను బద్దలవుతుంది. దగ్గర ఉన్నవారికి ప్రాణాపాయం కూడా కలుగవచ్చు.

కాబట్టి మొదలుపెట్టే ముందు కడ్డీ చేతితో సులువుగా ఇటూ అటూ కదులుతున్నదని రూఢి చేసుకోవాలి. బిగుసుకున్న పంపును విప్పి శుభ్రమైన డీజిల్‌లో నానబెట్టాలి, సుత్తితో కొట్టరాదు. ప్రతి కండె దాని గొట్టంతో జతగా సానపట్టినది కనుక ఒకదాని కండెను మరొకదానిలో వేయరాదు. మొదటిసారి మొదలుపెట్టేటపుడు ఒక మనిషి గాలి పీల్చే గొట్టం వద్ద చదునైన చెక్కపలకతో సిద్ధంగా ఉండాలి. వేగం అదుపు తప్పితే ఆ గొట్టాన్ని మూయటమే ఇంజనును ఆపే మార్గం. చేతితోగాని, గుడ్డతోగాని మూయబోవటం ప్రమాదకరం.

పోనీ మోటారు

దీనిలో తరచుగా కనిపించే లోపం కార్బురేటరు కారటం. ఇంధన కవాటాన్ని తెరిచి వదిలేస్తే పెట్రోలు మెల్లగా చాంబరులోకి దిగి నూనెను పలుచన చేస్తుంది. అలా పలుచబడిన నూనెతో నడిచిన మోటారు బేరింగులు త్వరగా చెడిపోతాయి. చాంబరులో నూనె మట్టం కారణం లేకుండా పెరిగినా, పెట్రోలు వాసన వచ్చినా ఆ నూనెను పారబోసి కొత్తది పోయాలి. పని ముగిసిన తరువాత కవాటాన్ని మూసి, కార్బురేటరులోని పెట్రోలు అయిపోయేవరకు మోటారును నడిపి ఆపటం ఉత్తమం. దీని గవర్నరు స్ప్రింగును బిగించి వేగం పెంచటం తగదు. మితిమీరిన వేగంలో కనెక్టింగ్ రాడ్డు విరిగి దిమ్మెను చీల్చుకుని వస్తుంది.

మొదలుపెట్టే విధానం

1. ప్రధాన క్లచ్‌ను విడదీసి, గేరును తటస్థ స్థానంలో ఉంచాలి. డీజిల్ ఇంధనాన్ని మూసి ఉంచి, సంపీడన మీటను మొదలుపెట్టే స్థానానికి జరపాలి.
2. పోనీ మోటారును మొదలుపెట్టి కొద్దిసేపు వేడెక్కనివ్వాలి.
3. పినియన్‌ను ఫ్లైవీలుకు కలిపి, పోనీ క్లచ్‌ను మెల్లగా పట్టించాలి.
4. సంపీడనం లేకుండా డీజిల్ ఇంజను తిరుగుతుండగా నూనె పీడనం వచ్చినదని గమనించాలి. చలి ఎక్కువైతే ఈ దశను పొడిగించాలి.
5. సంపీడన మీటను నడిచే స్థానానికి మార్చి, ఇంజను వెచ్చబడిన తరువాత ఇంధనం తెరవాలి.
6. డీజిల్ ఇంజను అందుకోగానే పినియన్ తనంతట తాను విడిపోతుంది. అది విడిపోయినదని చూసుకుని, పోనీ మోటారు ఇంధన కవాటాన్ని మూయాలి.

స్టీరింగు క్లచ్‌లు

ఎండకు, వానకు వదిలేసిన డి2లలో స్టీరింగు క్లచ్‌లు తుప్పుపట్టి అతుక్కుపోవటం మిక్కిలి సాధారణం. సమతలం మీద మెల్లగా నడుపుతూ ఒకవైపు మీటను పూర్తిగా లాగి, అదేవైపు బ్రేకు తొక్కాలి. ట్రాక్టరు తిరగకుండా ఇంజను మీద బరువు పడితే ఆ వైపు క్లచ్ విడవటం లేదని అర్థం. దీనికి విరుద్ధంగా, బరువు లాగేటపుడు ఒకవైపు గొలుసు వెనుకబడితే ఆ క్లచ్ జారుతున్నదని గ్రహించాలి.

ఈ క్లచ్‌లు పొడిగా పనిచేయవలసినవి. క్లచ్ గది అడుగు బిరడా విప్పినపుడు నూనె వస్తే మధ్యనున్న బెవెల్ గేరు గది ఆయిల్ సీలు చెడిపోయినట్లు. నీరు వస్తే తుప్పు ఏర్పడి ఉంటుంది. నూనెతో తడిసిన బిళ్ళలను ద్రావకంతో కడిగి కొంతవరకు బాగుచేయవచ్చు. అతుక్కుపోయిన వాటిని విడిపించటానికి ఆసనాన్ని, ఇంధన ట్యాంకును తొలగించి క్లచ్‌ను పైకి తీయవలసి వస్తుంది. ఒక్కొక్క పొట్లం బరువైనది కనుక చైను కప్పీ తప్పనిసరి. ఆ కాలపు క్లచ్, బ్రేకు పూతలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఆ ధూళిని గాలిగొట్టంతో ఊదరాదు, పొడిగా గీకరాదు. తడిపి తుడిచి, ఆ గుడ్డలను మూసిన సంచిలో వేయాలి.

గొలుసు, రోలర్లు

పాత గొలుసు ట్రాక్టరు విలువలో అధికభాగం దాని కింది భాగాలలోనే ఉంటుంది. ఇంజను మరమ్మతు కంటే గొలుసులు, రోలర్లు, ఐడ్లర్లు, పళ్ళచక్రాలు మార్చటానికే ఎక్కువ ఖర్చు కావచ్చు. కాబట్టి కొనేముందే వీటిని పరీక్షించాలి. పళ్ళచక్రం పళ్ళు మొనదేలి ఉండటం, బుష్‌లు ఒకవైపు పలుచబడి ఉండటం, నాలుగు లంకెల పొడవు కొత్తదాని కంటే పెరిగి ఉండటం అరుగుదలకు గుర్తులు. బుష్ పగలకముందే పిన్నులను, బుష్‌లను 180 డిగ్రీలు తిప్పి బిగిస్తే అరగని వైపు వాడుకలోకి వచ్చి గొలుసు ఆయుష్షు పెరుగుతుంది. వేగంగా వెనుకకు నడపటం వలన పళ్ళచక్రం, బుష్‌లు త్వరగా అరుగుతాయి.

గొలుసు బిగువు ఎక్కువైతే అన్ని భాగాలూ త్వరగా అరుగుతాయి. మరీ వదులైతే మలుపులో ఊడిపోతుంది. బిగువును ఐడ్లరు వద్దనున్న మరలతో సవరిస్తారు. సవరించిన తరువాత ట్రాక్టరును కొంత ముందుకూ వెనుకకూ నడిపి, తిరిగి కొలవాలి.

చివరి గేర్లు

పళ్ళచక్రం లోపలివైపు నూనె కారుతూ ఉంటే చివరి గేర్ల సీలు చెడిపోయినట్లు. బయటికి చూడటానికి ఇది చిన్న పనిగా తోచినా, పళ్ళచక్రం ఇరుసు మీద ఎంతో బిగువుగా అమర్చి ఉంటుంది కనుక దానిని ఊడదీయటానికి బలమైన హైడ్రాలిక్ ప్రెస్సు అవసరమవుతుంది. ఆ సౌకర్యం సమకూడే వరకు నూనె మట్టాన్ని ప్రతిదినం చూసి నింపుతూ వాడేవారు ఉన్నారు. నూనె లేకుండా నడిపితే మాత్రం గేర్లు, బేరింగులు పూర్తిగా పాడవుతాయి.

మార్పులు

డి2 ప్రధానంగా నాగలి, దంతె వంటివాటిని వెనుక కట్టి లాగటానికి రూపొందిన ట్రాక్టరు. ముందు కత్తి, వెనుక వించి, లోడరు తొట్టి వంటివి దానికి జోడించిన అమరికలు. తొలినాళ్ళలో బుల్డోజరు కత్తులను లాప్లాంట్-చోట్ వంటి ఇతర సంస్థలు తయారుచేసేవి. 1940ల మధ్యకాలం నుండి క్యాటర్‌పిల్లర్ స్వయంగా తయారుచేయసాగింది. మిల్వాకీకి చెందిన ట్రాక్సన్ సంస్థ డి2 మీద టి2 అనే లోడరును అమర్చేది. 1951 చివరలో ఆ సంస్థను క్యాటర్‌పిల్లర్ కొనుగోలు చేసింది. కాబట్టి ఒక ట్రాక్టరు మీద ఇతర సంస్థ పేరుగల అమరిక కనిపించినంత మాత్రాన దానిని తరువాతి కాలపు మార్పుగా భావించరాదు. ఆ కాలపు అమరికను తొలగించి పారవేయటం వలన ట్రాక్టరు చరిత్రలో ఒక భాగం పోతుంది.

నేడు యజమానులు చేసే మార్పులలో కొన్ని:

- విద్యుత్ స్టార్టరు: పోనీ మోటారును మొదలుపెట్టటానికి విద్యుత్ స్టార్టరు అమర్చటం తేలికపాటి మార్పు. పోనీ మోటారునే తీసివేసి డీజిల్ ఇంజనుకు నేరుగా స్టార్టరు అమర్చేవారు కూడా ఉన్నారు. దీని వలన ముందుగా నీరు, గాలి వేడెక్కటం, బేరింగులకు నూనె అందటం అనే ప్రయోజనాలు పోతాయి.
- ముందు కత్తి: దీని బరువు ఐడ్లర్ల మీద, ముందు రోలర్ల మీద పడుతుంది. 50 అంగుళాల ట్రాక్టరుకు ఇది నప్పుతుంది. ఇరుకైన 40 అంగుళాల ట్రాక్టరు పక్కవాలు మీద తేలికగా పల్టీకొట్టే ప్రమాదం ఉంది.
- వెడల్పు పలకలు: మెత్తని నేలలో దిగబడకుండా కాపాడతాయి. రాతినేలలో మాత్రం పలక అంచు మీద పడే బరువు లంకెలను, పిన్నులను మెలితిప్పుతుంది.
- రబ్బరు దిమ్మెలు: ప్రదర్శనలలో తారురోడ్డు మీద నడిపేటపుడు పలకలకు బిగిస్తారు. తిరిగి తీసివేయవచ్చు.
- నూనె వడపోత: పాత వడపోత స్థానంలో నేటి వడపోతను అమర్చటం. పాత పెట్టెను కోయకుండా చేయగలిగినదే మేలు.

మార్పు చేసేముందు, దానిని తొలగించి ట్రాక్టరును పూర్వస్థితికి తేవచ్చునా అన్నది ఆలోచించవలసిన మొదటి విషయం. బోల్టులతో బిగించినది విప్పవచ్చు. పోతను కోసి, వెల్డింగు చేసినది తిరిగి రాదు. అదనపు భారాన్ని ఏ భాగం మోస్తుందన్నది రెండవ విషయం. తీసివేసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి ట్రాక్టరుతో పాటే భద్రపరచాలి. తరువాతి యజమానికి ఇది ఎంతో ఉపయోగకరం.

భద్రత

- ఐడ్లరు వెనుక, గొలుసు చట్రంలో బలంగా నొక్కి ఉంచిన పెద్ద స్ప్రింగు ఉంటుంది. తుప్పుపట్టి వదలని మరలను గ్యాస్‌తో కోయటం వలన స్ప్రింగు ఒక్కసారిగా విడిపోయి మరణం సంభవించవచ్చు. దీనిని తగిన పరికరాలు, అనుభవం ఉన్నవారే విప్పాలి.
- గొలుసును విడదీసిన ట్రాక్టరుకు ఆ వైపు బ్రేకు ఉన్నా ఉపయోగం లేదు. విడదీసే ముందు సమతలం మీద నిలిపి, దుంగలు అడ్డుపెట్టాలి.
- పిన్నులను సమ్మెటతో కొట్టేటపుడు ఉక్కు ముక్కలు ఎగురుతాయి. కళ్ళద్దాలు తప్పనిసరి.
- జాకీ మీద నిలిపిన ట్రాక్టరు కిందికి వెళ్ళరాదు. గట్టి కలప దిమ్మెల మీద నిలపాలి.
- డి2కు పల్టీకొట్టినపుడు నడిపేవారిని కాపాడే చట్రం మొదట్లో ఉండేది కాదు. ఇంటివద్ద గొట్టాలతో వెల్డింగు చేసిన పందిరి ఎండకు నీడనివ్వగలదు గాని, టన్నుల బరువును ఆపలేదు. పరీక్షించి ధ్రువీకరించిన చట్రాన్ని మాత్రమే అమర్చి, దానితో పాటు సీటుబెల్టు వాడాలి.
- వాలు దిగేటపుడు స్టీరింగు మీటను లాగితే, ఇంజను అదుపు నుండి విడిపోయిన ఆ గొలుసు వేగంగా తిరుగుతుంది. ట్రాక్టరు అనుకున్న దిశకు వ్యతిరేకంగా మళ్ళుతుంది. కొత్తగా నడిపేవారు ఈ సంగతిని సమతలం మీదనే తెలుసుకుని ఉండాలి.

పరిరక్షణ

పూర్తిగా విప్పి కొత్తదానివలె చేయటం, పనిచేసే స్థితికి తెచ్చి పాత రంగును, గీతలను అలాగే ఉంచటం అని పరిరక్షణలో రెండు పద్ధతులున్నాయి. మొదటి పద్ధతిని ఎంచుకున్నవారు రంగు విషయంలో జాగ్రత్త వహించాలి. క్యాటర్‌పిల్లర్ 1979లో తన పసుపురంగు ఛాయను మార్చింది. 1957కు ముందరి డి2కు సరిపోయేది పాత హైవే ఎల్లో మాత్రమే. పాత రంగులలో సీసం ఉండవచ్చు కనుక దానిని గీకేటపుడు ముక్కుకు తగిన ముసుగు ధరించాలి.

పాత క్యాటర్‌పిల్లర్ యంత్రాల యజమానులకు యాంటిక్ క్యాటర్‌పిల్లర్ మెషినరీ ఓనర్స్ క్లబ్ అనే సంఘం ఉంది. కొన్ని భాగాలను ఇతర సంస్థలు నేటికీ తయారుచేస్తున్నాయి. దొరకని వాటి కోసం బాగుచేయటానికి వీలులేని మరొక ట్రాక్టరును కొని భాగాలను విప్పుకోవటం కూడా వాడుకలో ఉంది. అలా విప్పేటపుడు కూడా ఆ ట్రాక్టరు క్రమసంఖ్యను వ్రాసి ఉంచాలి. లేనిచో ఏ భాగం ఏ శ్రేణికి చెందినదో తెలియక, రెండు ట్రాక్టర్లూ నిరుపయోగం అవుతాయి.

వాడకం లేని రోజులలో పొగగొట్టానికి మూత పెట్టటం, స్టీరింగు మీటలను వెనుకకు లాగి కట్టి ఉంచటం, నెలకు ఒకసారైనా ఇంజనును వేడెక్కేవరకు నడపటం అనే మూడు అలవాట్లు పైన చెప్పిన మరమ్మతులలో చాలావాటిని తప్పిస్తాయి.

ఇవి కూడా చూడండి

- ట్రాక్టరు
- బుల్డోజరు
- డీజిల్ ఇంజను
- బెంజమిన్ హోల్ట్